జ్వరం వార్డులో గుండెకు కాపలా: వెంట ఉండే ఈసీజీ పరికరం గురించి ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయాలు

ఇంట్లో ఒకరికి జ్వరం తగ్గకపోతే దవాఖానాలో చేర్చాం అనుకోండి. రెండో రోజు నర్సు వచ్చి ఛాతీ మీద స్టిక్కర్లు అంటించి, వాటికి వైర్లు తగిలించి, అరచేతిలో పట్టేంత చిన్న పెట్టె మెడలో వేసి వెళ్తుంది. బయట కూర్చున్న వాళ్లకు కంగారు మొదలవుతుంది. "జ్వరానికి తీసుకొస్తే గుండెకు మిషన్ ఎందుకు? మా దగ్గర ఏదైనా దాస్తున్నారా? బిల్లు పెంచడానికా?" ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, మల్లాపూర్ వైపు ఏ ఆస్పత్రి వరండాలో కూర్చున్నా ఈ మాటలు వినపడతాయి.

చాలాసార్లు దాచేది ఏమీ ఉండదు. కొన్ని ఇన్ఫెక్షన్లు గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తాయి. ఆ ఇన్ఫెక్షన్లకు ఇచ్చే కొన్ని మందులు కూడా లయను మారుస్తాయి. లయ తప్పడం రాత్రి రెండింటికి, రోగి నిద్రలో ఉండగా కూడా జరగొచ్చు. దాన్ని పట్టుకోవడానికే ఈ పరికరం. అయితే అన్ని పెట్టెలూ ఒకటి కావు. కొన్ని కాపలా కాస్తాయి, కొన్ని రాసిపెట్టుకుంటాయి అంతే. ఈ తేడా తెలియకపోతే ప్రమాదం.

ఇన్ఫెక్షన్‌కూ గుండెకూ ఏం సంబంధం?

పెద్దవాళ్ల గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. పిల్లల్లో ఇంకా వేగంగా ఉంటుంది. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె వేగం సుమారు 10 పెరుగుతుంది. ఇది మామూలే. జ్వరం దిగితే వేగమూ దిగుతుంది.

అలా కాకుండా లయ చెడిపోవడానికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, క్రిమి గానీ, అది విడుదల చేసే విషం గానీ గుండె కండరాన్ని తాకడం. డిఫ్తీరియా, కొన్ని వైరస్‌లు, లెప్టోస్పైరోసిస్ ఇలా చేయగలవు. డెంగీలో, టైఫాయిడ్‌లో జ్వరం ఎక్కువగా ఉన్నా నాడి నెమ్మదిగా కొట్టుకోవడం కొందరిలో కనిపిస్తుంది. డెంగీలో ఇది చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది. కానీ ఎవరిది సర్దుకుంటుందో, ఎవరిది ముదురుతుందో చూస్తూ ఉండాలి.

రెండోది, ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడం. వాంతులు, విరేచనాలు అయినప్పుడు పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. గుండెలో కరెంటు సరిగా పారాలంటే ఈ రెండూ కావాలి.

మూడోది, మందులు. దీని గురించి మన ఇళ్లలో తెలిసింది చాలా తక్కువ.

కంఠసర్పి: గొంతు బాగుపడుతుంటే గుండె చెడిపోయే జబ్బు

డిఫ్తీరియాను తెలుగులో కంఠసర్పి అంటారు, ఉర్దూలో ఖునాఖ్. గొంతులో తెల్లటి పొర, మెడ వాపు, మింగలేకపోవడం దీని లక్షణాలు. టీకా ఉన్న జబ్బే అయినా హైదరాబాద్ నుంచి ఇది పూర్తిగా పోలేదు. నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రి, అంటే సర్ రొనాల్డ్ రాస్ ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ, ఈ కేసులకు నగరంలో ప్రధాన చోటు. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ 'కోరంటి దవాఖానా' అంటారు. క్వారంటైన్ అనే మాటే జనం నోట్లో కోరంటి అయింది.

ఈ జబ్బులో అసలు మోసం ఏమిటంటే, గొంతు నొప్పి తగ్గుముఖం పట్టి, పిల్లాడు గంజి తాగడం మొదలుపెట్టాక, మొదటి వారం చివర్లోనో రెండో వారంలోనో విషం గుండె మీద పని చేస్తుంది. గుండెలో కరెంటు దారి మూసుకుపోయి నాడి ఒక్కసారిగా నెమ్మదించవచ్చు. "జ్వరం పోయింది, ఇంటికి తీసుకెళ్తాం" అని మనం అడిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. డాక్టర్ మంచం దిగొద్దు, పరుగులు వద్దు, ఇంకొన్ని రోజులు ఉండండి అంటే దానికి కారణం ఇదే.

వియత్నాంలోని హో చి మిన్ నగరంలో తీవ్రమైన డిఫ్తీరియాతో చేరిన రోగులకు డాక్టర్లు 24 గంటలు రికార్డు చేసే ఈసీజీ పెట్టి చూశారు. ఎవరి పరిస్థితి విషమించేలా ఉందో ముందే అంచనా వేయడానికి అలాంటి రికార్డు పనికొస్తుందని 1995లో ప్రచురించారు. మామూలు ఈసీజీ కాగితం మీద పడేది సుమారు 10 సెకన్ల గుండె చప్పుడే. రోజంతా గుండె దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఆ 10 సెకన్లలో తప్పు దొరకకపోతే మిగతా రోజంతా బాగుందని చెప్పలేం కదా.

కంఠసర్పికి అసలు మందు టీకాయే. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 16 నుంచి 24 నెలల మధ్య ఒక డీపీటీ బూస్టర్, 5-6 ఏళ్లకు ఇంకోటి, 10, 16 ఏళ్లకు టీడీ. ప్రభుత్వ కేంద్రాల్లో ఇవన్నీ ఉచితం. మొదటి మూడు డోసులు వేయించి తర్వాతి బూస్టర్లు మరిచిపోయే ఇళ్లు ఉంటాయి. కార్డు తీసి ఒకసారి చూడండి.

మందులు గుండె లయను ఎలా మారుస్తాయి?

ఈసీజీ గీతలో 'క్యూటీ' అని ఒక భాగం ఉంటుంది. ఒక దెబ్బ కొట్టాక గుండె మళ్లీ చార్జ్ అయ్యేదాకా పట్టే సమయం అనుకోండి. గుండె వేగాన్ని బట్టి దాన్ని సరిచేసి లెక్కవేస్తే వచ్చేదే 'క్యూటీసీ'. మగవాళ్లలో సుమారు 450 మిల్లీసెకన్ల లోపు, ఆడవాళ్లలో 460 లోపు ఉంటే ఫర్వాలేదు. 500 దాటితే డాక్టర్లు గట్టిగా జాగ్రత్తపడతారు. చార్జ్ అవడం మరీ ఆలస్యమైతే గుండె గందరగోళంగా కొట్టుకుని మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఈ సంగతి దేశమంతటికీ తెలిసింది 2020లో. ఆ మార్చిలో కరోనా తీవ్రంగా ఉన్న రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో పాటు అజిత్రోమైసిన్ ఇవ్వొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో ఉంది. రెండు మందులూ క్యూటీని పొడిగించేవే. జూన్ 13న వచ్చిన కొత్త ప్రొటోకాల్ హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చే ముందు ఈసీజీ తీయడం మంచిదని, క్యూటీసీ 500 దాటితే ఇవ్వొద్దని చెప్పింది. తర్వాత ఆ మందు కరోనాకు పనికిరాదని తేలి చికిత్సలోంచి పోయింది. కానీ పాఠం మిగిలింది.

అప్పట్లో వార్డుల్లో ఇంకో చిక్కు కూడా ఉండేది. ఒక్కో ఈసీజీ తీయడానికి టెక్నీషియన్ పీపీఈ కిట్ వేసుకుని లోపలికి వెళ్లాలి. పెద్ద మిషన్‌ను మంచం మంచానికీ తిప్పాలి, ప్రతిసారీ తుడవాలి. అందుకే దూరం నుంచి చూడగలిగే చిన్న పరికరాల వైపు ప్రపంచమంతా మళ్లింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో ఇలాంటి పరికరాలను వాడుకునేందుకు నిబంధనలు సడలించింది.

ఇప్పుడు కరోనా వార్డులు లేవు. మందులు మాత్రం ఉన్నాయి. మొండి టీబీకి ఇచ్చే బెడాక్విలిన్ క్యూటీని పొడిగిస్తుంది. దానితో కలిపి ఇచ్చే మోక్సీఫ్లోక్సాసిన్, క్లోఫాజిమిన్ కూడా అంతే. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనెజోలిడ్, మోక్సీఫ్లోక్సాసిన్ కలిపిన ఆరు నెలల కోర్సుకు కేంద్రం 2024 సెప్టెంబర్‌లో ఆమోదం తెలిపింది. ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు సాగిన చికిత్స ఇప్పుడు ఆరు నెలలకు దిగడం పెద్ద మేలు. దానికి బదులుగా మనం చేయాల్సింది, చెప్పిన తేదీకి వెళ్లి ఈసీజీ తీయించుకోవడం. "మాత్రలు వేసుకుంటున్నాం కదా, ఈసీజీకి మళ్లీ అంత దూరం ఎందుకు" అని మానేయకండి.

మలేరియాకు ఇచ్చే క్వినైన్, ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, గ్యాస్ మాత్రల్లో కలిపి వచ్చే డోంపెరిడోన్ కూడా ఈ జాబితాలోవే. ఒక్కో మందు విడిగా చాలామందికి ఏ హానీ చేయదు. భయపడి డాక్టర్ రాసింది ఆపేయకండి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, పొటాషియం తగ్గినవాళ్లకు రెండు మూడు కలిసినప్పుడే ముప్పు పెరుగుతుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొనడం, దానికి తోడు ఇంట్లో మిగిలిన గ్యాస్ మాత్ర వేయడం మన దగ్గర రోజూ జరిగేదే. ఆ అలవాటు మానాలి.

నాలుగు రకాల పరికరాలు

ఒకటి, హోల్టర్. దీన్ని రూపొందించిన నార్మన్ హోల్టర్ అమెరికా శాస్త్రవేత్త. 1940ల చివర్లో ఆయన తయారు చేసిన మొదటి పరికరం బరువు దాదాపు 38 కిలోలు, వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పుడది జేబులో పడుతుంది. 24 లేదా 48 గంటలు గుండె లయను రికార్డు చేస్తుంది. మామూలు హోల్టర్ ఎవరినీ పిలవదు, అలారం మోగించదు. పెట్టె విప్పి కంప్యూటర్‌లో వేశాకే సంగతి బయటపడుతుంది.

రెండు, టెలిమెట్రీ. చూడటానికి హోల్టర్ లాగే ఉంటుంది. కానీ గీత అదే సమయంలో నర్సులు కూర్చునే చోట తెర మీద కనిపిస్తుంది. లయ తప్పితే అలారం మోగుతుంది. నిజంగా కాపలా కాసేది ఇదే, అది కూడా తెర ముందు మనిషి ఉన్నప్పుడే.

మూడు, ఛాతీకి అంటించే ప్యాచ్. వైర్లు ఉండవు, రోజుల తరబడి ఉంచుకోవచ్చు. హైదరాబాద్‌కు చెందిన మానిట్రా హెల్త్‌కేర్ 'అప్‌బీట్' పేరుతో ఇలాంటిదే తయారు చేసింది. కొన్ని ప్యాచ్‌లు సమాచారాన్ని వెంటనే పంపుతాయి, కొన్ని తర్వాత చదవడానికి దాచుకుంటాయి. మీకు పెట్టింది ఏ రకమో అడగండి.

నాలుగు, వేళ్లు ఆనించి ఫోన్‌లో ఈసీజీ చూసే చిన్న పరికరాలు, స్మార్ట్ వాచీలు. వీటిలో చాలావరకు అరనిమిషం గీత మాత్రమే చూపిస్తాయి. గుండె దడ వచ్చిన క్షణంలో తీసి డాక్టర్‌కు పంపడానికి పనికొస్తాయి. గుండెపోటు లేదని తేల్చడానికి వాచీ పనికిరాదు.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ వీటిలో లెక్కకు రాదు. అది ఆక్సిజన్, నాడి సంఖ్య చెబుతుంది, లయ ఎలా ఉందో చెప్పదు.

కాబట్టి పెట్టె వేసిన వెంటనే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "సిస్టర్, దీన్ని ఇప్పుడు ఎవరైనా చూస్తున్నారా, లేక రేపు చదువుతారా?" రేపు చదివేదైతే రోగికి కళ్లు తిరిగినా, దడ వచ్చినా, "మిషన్ ఉంది కదా" అని కూర్చోకుండా వెంటనే నర్సును పిలవాల్సింది మీరే.

పెట్టె ఉన్నప్పుడు పాటించాల్సినవి

అంటువ్యాధి వార్డులో స్టిక్కర్లు ఒక్కరికే వాడి పారేయాలి. పెట్టె, వైర్లు, సంచి ఒకరి నుంచి ఒకరికి మారేటప్పుడు క్రిమిసంహారకంతో తుడవాలి. అలా తుడిచారా అని అడగడం తప్పు కాదు, మర్యాదగానే అడగండి. మీరు కూడా పెట్టెను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. బయటి వాళ్లకు చూపించడానికి పెట్టె విప్పొద్దు.

ఛాతీకి నూనె, బామ్, అత్తర్ రాయకండి, స్టిక్కర్ ఊడిపోతుంది. తావీజు, గొలుసు స్టిక్కర్ల మీద వేలాడకుండా చూడండి. ముందు బటన్లు ఉన్న కుర్తా వేస్తే విప్పడం, వేయడం తేలిక. సెల్‌ఫోన్‌ను పెట్టెకు ఆనించి పెట్టొద్దు.

ఆడవాళ్లకు పెట్టేటప్పుడు మహిళా నర్సును, అడ్డుగా తెరను అడగండి. చాలా ఆస్పత్రులు ఒప్పుకుంటాయి. ఒకసారి అంటించాక దుస్తుల కిందే ఉంటుంది, పైకి కనిపించదు. సిగ్గుతో పరీక్షే వద్దనడం వల్ల జరిగే నష్టం పెద్దది. అమ్మీకి, నానీకి ఈ మాట ముందే నెమ్మదిగా చెప్పి ఒప్పించాల్సింది ఇంట్లో వాళ్లే.

ఛాతీ తడవకూడదు కాబట్టి పెట్టె తీసేదాకా స్నానం, గుస్ల్ కుదరవు. ముఖం, చేతులు, కాళ్లు కడిగే వుజూకు పెట్టె అడ్డు కాదు గానీ, చేతికి సెలైన్ సూది ఉంటే ఆ కట్టు తడవనివ్వొద్దు. తయమ్ముమ్ విషయంలో మీ మసీదు ఇమామ్‌ను అడగండి. కదలొద్దని డాక్టర్ చెప్పిన రోగి నమాజ్ కోసం మంచం దిగకూడదు. రంజాన్‌లో జ్వరంతో, విరేచనాలతో ఉన్నవాళ్లు రోజా గురించి డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోండి. ఒంట్లో నీరు, పొటాషియం తగ్గితే గుండె మీద పడుతుందని పైన చెప్పుకున్నాం. జబ్బుతో ఉన్నవారికి రోజా నుంచి సడలింపు ఉందన్నది మనకు తెలిసిందే.

హోల్టర్ ఇచ్చేటప్పుడు ఒక కాగితం కూడా ఇస్తారు. ఎన్నింటికి మందు వేసుకున్నారు, ఎన్నింటికి దడ వచ్చింది, ఎన్నింటికి నడిచారు అని రాయాలి. చాలామంది ఖాళీగా తిరిగిస్తారు. ఆ కాగితం లేకపోతే రికార్డులో కనిపించిన తేడా మందు వల్లా, దగ్గు వల్లా అన్నది డాక్టర్‌కు తెలియదు. రోగికి చదువు రాకపోతే పక్కన ఉన్నవాళ్లు రాయండి. తెలుగులోనో ఉర్దూలోనో, ఏ భాషలో రాసినా ఫర్వాలేదు, టైమ్ ఉంటే చాలు.

ఉప్పల్, నాచారం వాళ్లకు దారి ఎటు?

నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పని చేసే కుటుంబాలకు మొదటి ఆసరా ఈఎస్‌ఐ. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి కంపెనీ ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే కార్మికుడి జీతంలోంచి 0.75 శాతం, యజమాని తరఫున 3.25 శాతం జమవుతుంది. వైద్యం కార్మికుడికే కాదు, అతని మీద ఆధారపడిన కుటుంబానికీ వర్తిస్తుంది. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. అక్కడ లేని సేవ అవసరమైతే వేరే ఆస్పత్రికి రెఫర్ చేయమని అడగొచ్చు. కార్డులో భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు ఎక్కించారో లేదో ఇవాళే చూసుకోండి. జబ్బు వచ్చాక ఆఫీసు చుట్టూ తిరగడం కష్టం.

కంఠసర్పి వంటి అంటువ్యాధులకు, ధనుర్వాతానికి నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి వెళ్లాలి. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా దారి. పరిస్థితి విషమంగా ఉంటే గాంధీ ఆస్పత్రికి తార్నాక మీదుగా వెళ్లొచ్చు. మొండి టీబీకి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి ఉంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చేటప్పుడు మీ జబ్బు ఆ జాబితాలో ఉందా అని ఆరోగ్యమిత్రను అడగండి. హోల్టర్‌కు, టెలిమెట్రీకి విడివిడిగా బిల్లు వేస్తారా, రోజుకెంత అన్నది కూడా ముందే అడిగితే తర్వాత గొడవ ఉండదు.

డాక్టర్‌కు తప్పక చెప్పాల్సినవి, అడగాల్సినవి

వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. షుగర్, బీపీ, గుండె మందులు, నిద్రమాత్రలు, హకీం సాబ్ ఇచ్చిన యునానీ మందులు, షాపులో చీటీ లేకుండా కొన్నవి, ఏదీ దాచొద్దు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, తరచూ స్పృహ తప్పేవాళ్లు ఉంటే అదీ చెప్పండి. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే క్యూటీ పొడవుగా ఉంటుంది. మేనరికాలు ఉన్న కుటుంబాలు ఈ మాట మరిచిపోకూడదు.

అడగాల్సినవి నాలుగు. క్యూటీసీ ఎంత ఉంది? పొటాషియం చూశారా? ఇస్తున్న మందుల్లో క్యూటీని పెంచేవి ఎన్ని? డిశ్చార్జ్ తర్వాత మళ్లీ ఈసీజీ ఎప్పుడు? జవాబులను డిశ్చార్జ్ కాగితం మీదే రాయించుకోండి. తర్వాత ఏ క్లినిక్‌కు వెళ్లినా ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇంటికి వచ్చాక స్పృహ తప్పడం, ఆగని దడ, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మరీ నెమ్మదిగా నాడి కొట్టుకోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. మనిషి పడిపోయి ఊపిరి తీసుకోకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. ఇంట్లో ఇద్దరైనా ఇది నేర్చుకుని ఉంటే మంచిది.

జ్వరం తగ్గగానే జబ్బు పోయిందనుకోవడం మన అలవాటు. గుండె విషయంలో ఆ లెక్క పనిచేయదు. డాక్టర్ ఇంకో రెండు రోజులు పెట్టె ఉంచాలంటే, ఎందుకని అడగండి. కారణం చెబితే ఆ రెండు రోజులు ఓపిక పట్టండి.